చక్రాలకు అందని జీవో

రైలు చక్రం పోత పోసినంక నాలుగు దినాలు బూడిద గుంతల సల్లారాలె అనే పాత ఆచారాన్ని సర్కారు రద్దు చేస్తున్నదని పరిశ్రమల మంత్రిగారు కరీంనగర్ బహిరంగ సభల ప్రకటించిన్రు. ఇయ్యాల్టి సంది మన చక్రం ఒక్క పూటల సల్లారుతది అన్నరు. తెల్లదొరలు నాలుగు దినాలు సల్లార్చిన్రంటే వాళ్ల తీరిక వాళ్లది, మనకు పంచవర్ష ప్రణాళిక ఉన్నది, ముంగట ఎన్నికలున్నయి అన్నరు. జనం ఈలలేసిన్రు. వారం తిరగకముందే హైదరాబాదు నుంచి జీవో వచ్చింది. దాని నకళ్లు కలెక్టరుకు, తహసీల్దారుకు, గుండ్లవాగు ఫౌండ్రీకి పోయినయి. చక్రాలకు మాత్రం అందలే.

ఆ సభల అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది సిద్దిరాములు. గుండ్లవాగు చుట్టుపక్కల పార్టీకి ఆయననే పెద్ద దిక్కు. ఎనకట వేములవాడల భక్తుల ముంగట కోడెలు పట్టుకొని గుడి చుట్టు తిప్పే పని చేసిండు. ముక్కుతాడు పట్టినోడు ముంగట నడిస్తే ఎనక వచ్చేది ఏం అడగకుంట వస్తదని అక్కడనే నేర్చుకున్నడు. గంత చదువు రాజకీయానికి సాలు.

సభ అయినంక మంత్రిగారు సిద్దిరాములు భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకపోయిన్రు. ఎన్నికల లోపల గుండ్లవాగు చక్రం పట్టాల మీద తిరగాలె, తిరిగిన్నాడు అసెంబ్లీ టికెట్ నీదే అన్నరు. తిరగకపోతే అని సిద్దిరాములు అడగలే. మంత్రిగారే చెప్పిన్రు, అంతయ్య గూడ మంచి కార్యకర్తనే అని. అంతయ్య అంటే సిద్దిరాములుకు మేనబావ, పగోడు, రెండూ. ఆ పేరు ఇన్నకాన్నుంచి సిద్దిరాములుకు ముద్ద దిగలే.

చక్రం సంగతి కొత్తోళ్లకు జర చెప్పాలె. ఎర్రగ కరిగిన ఇనుమును అచ్చుల పోస్తరు. అచ్చు అంచుకు చుట్టూత ఇనుప వలయం ఉంటది, అది తగిలి చక్రం అంచు గభాల్న సల్లవడి రాయి లెక్క గట్టివడ్తది. నడుమ భాగం ఇసుకల ఉండి నిదానంగ సల్లవడి మెత్తదనం ఉంచుకుంటది. పైన గట్టి, లోపల మెత్తన, గట్లుంటేనే బరువు మోస్తది. గని అంచు ఒక దిక్కు, నడుమ ఒక దిక్కు గుంజుకుంటయి గదా, ఆ గుంజులాట తగ్గేదాక వేడి చక్రాన్ని బూడిద గుంతల పూడ్చిపెట్టాలె. తొందరవడి తీస్తిరా, పగుల్తది. మంచి చక్రాన్ని సుత్తెతోటి కొడితే ఖంగుమంటది. పగిలింది బోద్‌మంటది.

జీవో వచ్చిన తెల్లారి పోసిన చక్రాలన్నీ బోద్‌మన్నయి. మేనేజరు లింగమూర్తి కలకత్తల చదువుకున్నోడు, సల్లారే కాలం సరిపోతలేదని హైదరాబాదుకు రాసిండు. జీవో ప్రకారం సరిపోయిందని జవాబు వచ్చింది. లింగమూర్తి ఆ కాయితాన్ని రెండుసార్లు చదివి, ఇల్లు కట్టుకుంటున్నోడు, నౌకరీ పోతే ఎట్ల అని, ఫైలుల పెట్టిండు.

అట్ల పగిలినవాటిని మళ్ల కరిగించుడు, మళ్ల పోసుడు, మళ్ల పగులుడు. ఫౌండ్రీ ఉత్పత్తి మూడింతలు పెరిగిందని పేపర్ల వచ్చింది. అబద్ధం కాదు, ఒక్కొక్క చక్రాన్ని మూడేసి సార్లు పోసిన్రు.

ఇంతల ఒక వింత జరిగింది. పోతపని మేస్త్రి మొగిలి గుంతల బూడిద ఎత్తుతుంటే అడుగున ఒక చక్రం దొరికింది. పోయిన వారం మరిచిపోయిన చక్రం అది. సుత్తెతోటి కొడితే ఊరవతల దాక ఖంగుమన్నది. సిద్దిరాములు దాన్ని కావలిచ్చుకున్నంత పని చేసిండు.

ఇగ గిది ఎట్ల మంచిగైంది అని కమిటీ కూసున్నది. మరిచిపోతే అయింది అని మొగిలి అన్నడు. మరుపును రిపోర్టుల ఎట్ల రాస్తరు అని లింగమూర్తి అడిగిండు. రాస్తే జీవో తప్పని రాసినట్టు అయితది. వేరే కారణం ఎతకాలె. చక్రం పోసిన్నాడు నువ్వు ఏం చేసినవని మొగిలిని అడిగితే, పొద్దుగాల ఒక లొట్టి కల్లు తాగిన అన్నడు. కమిటీ ఊపిరి తీసుకున్నది. చక్రం గట్టివడుడుకు కల్లు తోడ్పడుతున్నదని రిపోర్టు పోయింది. మంత్రిగారు దాన్ని చదివి, స్థానిక వనరులను వాడుకున్నందుకు మెచ్చుకొని, పనోళ్లందరికి దినాం ఒక లొట్టి కల్లును ముడిసరుకు కింద మంజూరు చేసిన్రు. చక్రాలు పగులుడు తగ్గలే గని ఫికర్ చేసేటోళ్లు తగ్గిన్రు.

ఒక చక్రం వారం దినాలు గుంతల ఉన్నదనే ముచ్చట మాత్రం తహసీల్దారు చెవిన పడ్డది. జీవోను గంతగనం ధిక్కరించుడు ఆయన సర్వీసుల చూడలే. అప్పటికప్పుడు గుంత కాడ ఒక చప్రాసీని పెట్టించిండు. పూట దాటి ఏ చక్రం గూడ బూడిదల ఉండకుంట సూసుడు ఆ చప్రాసి పని. పాపం, మంచి నౌకరు, ఒక్కదాన్ని ఉండనియ్యలే.

గప్పుడు అఖిల భారత చక్ర నాణ్యతా మండలి నుంచి పరీక్ష ఆఫీసరు వస్తుండని టెలిగ్రాం వచ్చింది. నూరు చక్రాలు కొట్టి చూస్తడట. అన్నీ ఖంగుమంటేనే సర్టిఫికెట్. లింగమూర్తి తల పట్టుకున్నడు. ఉన్నది ఒక్కటే అన్నడు.

సిద్దిరాములు చుట్ట ముట్టించి నవ్విండు. వేములవాడల దినాం వందల మంది కోడె మొక్కు తీర్చుకుంటరు, రాజన్న గుడి చుట్టు వందల కోడెలు తిరుగుతయా అని అడిగిండు. ఒకరు తిప్పి కట్టేసిన కోడెనే ఇంకొకరు పట్టుకుంటరు. దాంట్ల మోసం లేదు, దేవుడు మొక్కును లెక్కవెడ్తడు గని కొమ్ములను లెక్కవెట్టడు. చక్రానికి మాత్రం ఏం తక్కువ?

ఆఫీసరుకు షెడ్డు ముంగట డేరా ఏసి, కుర్సీ ఏసి, చాయ పెట్టిన్రు. మొగిలి చక్రాన్ని దొర్లించుకుంట వచ్చేది, ఆఫీసరు సుత్తెతోటి కొట్టేది, అది ఖంగుమనేది, షెడ్డు ఎనకకు పోయేది. అక్కడ సిద్దిరాములు తడిబట్టతోటి సుద్దముక్క నంబరు తుడిచి కొత్త నంబరు ఏసేది. మళ్ల ఈ దిక్కు నుంచి వచ్చేది. పగటి అన్నం యాళ్లకు సిద్దిరాములు నడుము ఇరిగినంత పని అయింది, అయినా టికెట్ అనుకుంట తుడిచిండు. ఆఫీసరు మాత్రం కుర్సీల ఎనకకు ఒరిగి, ఇన్నేండ్ల సర్వీసుల గింత ఏకరూపత ఎక్కడ చూడలేదని అన్నడు. ఒక చక్రానికి ఇంకో చక్రానికి ఎంటికంత తేడా లేదన్నడు. సాయంత్రం సర్టిఫికెట్ మీద దస్కతు పెట్టి, కోడికూర తిని పోయిండు.

కథ ఇక్కడ ఆగితే సిద్దిరాములు ఇయ్యాల ఎమ్మెల్యే. గని మంత్రిగారి సంతోషం ఆగలే. ఎల్లుండే గుండ్లవాగు ఫౌండ్రీ నుంచి స్టేషన్ దాక ప్రారంభ బండి నడుస్తదని ఫోన్ల చెప్పిన్రు. నాలుగు చక్రాల పాత రైలు పెట్టె ఒకటి పంపుతున్నరు, దానికి మన చక్రాలే బిగియ్యాలె, మంత్రిగారు స్వయంగ ఎక్కుతరు, పక్కన సిద్దిరాములు, సతీసమేతంగ. అదే పెట్టెల టికెట్ ప్రకటన.

ఫౌండ్రీ గుట్ట మీద ఉంటది, స్టేషన్ కింద ఉంటది. నడుమల వాగు, వాగు మీద వంతెన. సిద్దిరాములు ఫోను పెట్టేసి సక్కగ లింగమూర్తి కాడికి ఉరికిండు. ఎల్లుండికి మూడు మంచి చక్రాలు అయితయా అని అడిగిండు. నాలుగు దినాల పని రెండు దినాలల్ల కాదు, అయినా చప్రాసి ఉండనియ్యడు అన్నడు లింగమూర్తి. మరి ఎట్ల అని సిద్దిరాములు అడిగితే, లింగమూర్తే ఉపాయం చెప్పిండు. మంచిది ఒకటి బిగిస్తం, తక్కువ పగిలినవి మూడు ఏరి, పగుల్ల మైనం కూరి నల్లరంగు ఏస్తం.

“మంచిది ఏ మూలకు?” అన్నడు సిద్దిరాములు.

“ముంగట కుడి మూలకు.”

“అన్నిట్ల ఎక్కువ పగిలింది?”

“ఎనక ఎడమ మూలకు.” లింగమూర్తి గొంతు తగ్గించిండు. “పటేలా, ఆ దిక్కు మాత్రం కూసోకు.”

సిద్దిరాములు ఉన్న మాట మంత్రిగారికి చెప్పేద్దామనుకున్నడు. చెప్తే నూరు చక్రాల ముచ్చట బయటవడ్తది, టికెట్ అంతయ్యకు పోతది. పానం పోయినంక టికెట్ ఎందుకు అనుకున్నడు. టికెట్ పోయినంక పానం ఎందుకు అని గూడ అనుకున్నడు. రెండూ నిజమే అనిపించినయి.

ఇంటికాడ పెండ్లాం పోశవ్వ అప్పటికే వాడకట్టంతా చెప్పొచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆమె రైలు ఎక్కలే. చెల్లెలి కాడ పట్టుసీర అడుక్కొచ్చి మంచం మీద పరిచి సూసుకుంటున్నది. బొగ్గు మసి పడ్తది, సీర ఖరాబైతది, నువ్వు రాకు అన్నడు సిద్దిరాములు. వాంతులైతయన్నడు. ఆడోళ్లు ఎక్కుడు మంచిది కాదంట అన్నడు.

“ఏందయ్యా,” అన్నది పోశవ్వ. “నువ్వు మంత్రి పక్కన కూసుంటే నేను గట్టు మీద నిలవడి చెయ్యి ఊపాల్నా? ఇన్నేండ్లు నీ మీటింగులకు వచ్చినోళ్లందరికి చాయలు పెట్టిన. ఒక్కపారి నన్ను గూడ కూసోనియ్యి.”

పెండ్లైనంక ఆమె నోరు తెరిచి అడిగింది గదొక్కటే. కుడి మూలకు ఇద్దరికి జాగ సరిపోతదిలే అని మనసుకు చెప్పుకున్నడు. అందరికంటె ముంగట పోయి కూసోవాలె, అంతే.

ప్రారంభం నాడు అందరికంటె ముంగటనే పోయిండు. పెట్టెకు మామిడి తోరణాలు, కాయితపు పూలు కట్టిన్రు. ఎనక ఎడమ మూలకు జనానికి మంచిగ కనవడేటట్టు మంత్రిగారి కోసరం ఎర్ర మఖమల్ సోఫా ఏసిన్రు. సిద్దిరాములు పోశవ్వ చెయ్యి పట్టుకొని లోపలికి ఎక్కి సూస్తే, ముంగట కుడి మూలకు అప్పటికే లింగమూర్తి కూసున్నడు. ఆయన ఒళ్లె కూసున్నంత దగ్గర పరీక్ష ఆఫీసరు కూసున్నడు. నూరు చక్రాలను పాస్ చేసిన మనిషి కిటికీ ఊస గట్టిగ పట్టుకొని, నాకు గాలి పడదు, గిదే బాగుంటది అన్నడు. తహసీల్దారు ఎండ అని వచ్చిండు. చప్రాసి తహసీల్దారు ఎనక వచ్చిండు. సిద్దిరాములు భుజం పెట్టి తోసి, మా ఆమెకు కిటికీ కావాలె అని పోశవ్వను నడుమల ఇరికించి తాను నిలవడ్డడు. పెట్టె మూడు మూలలు ఖాళీ, ఒక్క మూల సంత. పోశవ్వ పరేషానై, గంత జాగ ఉండంగ గిక్కడెందుకు కుక్కుకున్నరు అని అడిగింది. తహసీల్దారు గడియారం సూసుకున్నడు.

బాజాలతోటి మంత్రిగారు వచ్చిన్రు. ఎనక పేపరోళ్లు వచ్చిన్రు. మంత్రిగారు దండం పెట్టుకుంట పెట్టెల అడుగు పెట్టి, ఆ మూల దిక్కు సూసి చిరునవ్వు నవ్విన్రు.

“సమసమాజం తెస్తమని చెప్పుకుంట అందరు ఒక్క మూలకే కూసుంటే ఎట్ల?” అన్నరు. “మన చక్రాలు నాలుగూ సమానమే గదా, లింగమూర్తీ?”

సమానమే సార్ అన్నడు లింగమూర్తి. ఆఫీసరు గారూ? ఎంటికంత తేడా లేదు సార్ అన్నడు ఆఫీసరు. ఇగ కూసుండే మొకం ఎవరికున్నది. మంత్రిగారు ఒక్కొక్కల చెయ్యి పట్టి లేపి ఒక్కొక్క దిక్కుకు పంపిన్రు. తహసీల్దారును ముంగట ఎడమకు, లింగమూర్తిని ఆఫీసరును ఎనక కుడికి. చప్రాసిని పెట్టె మెట్టు మీద నిలవెట్టిన్రు. ఎవ్వరిని గూడ మరిచిపోలే.

తర్వాత సోఫా కాడికి పోయిన్రు. ఇది మంత్రులది కాదు, ప్రజలది అన్నరు. పార్టీకి చెమట కార్చిన సామాన్య కార్యకర్త ఉండంగ నేను మఖమల్ మీద కూసుంటే నాకు నిద్ర పట్టదన్నరు. సిద్దిరాములును, పోశవ్వను చెరొక చేతితోటి పట్టుకొని తెచ్చి, సోఫా మీద పక్కపక్కన కూసోవెట్టి, తన మెడల దండ తీసి సిద్దిరాములు మెడల ఏసిన్రు. సిద్దిరాములు లేవబోయిండు. మంత్రిగారి చెయ్యి భుజం మీద ఉన్నది, లేవరాలే. సార్, మీరే కూసోండ్రి అన్నడు. గా మాట వినయం లెక్క వినవడ్డది.

“గుండ్లవాగు టికెట్ సిద్దిరాములుదే,” అని మంత్రిగారు పేపరోళ్లకు చెప్పిన్రు. చప్పట్లు మోగినయి. ఫోటోలు తీసిన్రు.

మంత్రిగారు ఎవ్వరిని ఏం అడగలే. సక్కగ ముంగట కుడి మూలకు నడిచిపోయి, అక్కడున్న చిన్న చెక్కపీట మీద కూసొని, కండువా ఒళ్లె పెట్టుకున్నరు. కార్యకర్తను సింహాసనం ఎక్కించి తాను మూలకు పీట మీద కూసున్న మంత్రిగారి నిరాడంబరతను చూసి పేపరోళ్లు సుత అబ్బురపడ్డరు.

పోశవ్వకు కండ్లల్ల నీళ్లు వచ్చినయి. కొంగుతోటి తుడుసుకుంట, గింత మంచి మనిషిని ఏడ చూడలేదయ్యా అన్నది. సిద్దిరాములు ఆమె చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. గార్డు పచ్చజెండ ఊపిండు.