తోట మిషను ముందు నడిచే మనిషి

బొగ్గుబాయి కంపెనీకి మనిషి ప్రాణం కంటే విలువైనది ఏదీ లేదు. నమ్మనోళ్లు పెద్దదొర బంగ్లాకు పోయి, తోట దున్నే మిషనును చూసి రావాలె.

డెబ్బై మూడులో ఆ మిషను రైలు దిగింది. రెండు చేతిపిడులు, నడుమ ఇంజను, కింద తిరిగే కత్తులు. చూడంగనే ఆఫీసర్ల గుండె జారింది. (బొగ్గుబాయిలో ఏ మిషనును చూసీ జారని గుండె.) వెంటనే బంగ్లా తోటల భద్రతాధికారి అనే పోస్టు పుట్టింది. ఆ కుర్చీలో కూర్చున్నాయన మిషను చుట్టూ తిరిగి తిరిగి, "పూలమొక్కల, మనుషుల రక్షణ కొరకు" అని పైన రాసి, కింద నిబంధనలు రాసిండు. మిషనును ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపేటప్పుడు కత్తులు తిరగరాదు. దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలె. మిషను వేగం ఆ మనిషి నడకను మించరాదు.

వేగం మార్చే కడ్డీకి ఒక కొసన తాబేలు బొమ్మ, ఇంకో కొసన కుందేలు బొమ్మ ఉన్నయి. అధికారి కడ్డీని తాబేలు దగ్గర నిలిపి లక్కముద్ర కొట్టించిండు. ముద్ర తియ్యాలన్నా, నిబంధన మార్చాలన్నా ముగ్గురు ఆఫీసర్ల దస్కతులు కావాలె.

జెండా పట్టే పని ఎల్లేశానికి వచ్చింది.

ఎల్లేశం బాయిలో పట్టాల మీద ఉరికే బొగ్గు టబ్బుల దగ్గర పనిచేసేటోడు. టబ్బును ఆపమని గంట కొట్టే తీగ పోయిన బతుకమ్మ పండుగకే తెగింది. గంట మోగలేదు, టబ్బు ఆగలేదు, ఆయన ఎడమ కాలు మీదికెక్కింది. విచారణ పద్ధతిగనే జరిగింది. తీగ తప్పేమీ లేదట. "కార్మికుడు పక్కకు తప్పుకొనుటలో తగిన వేగము చూపలేదు" అని తేల్చిన్రు. కాలు కుదిరేదాక పైన లైట్ డ్యూటీ చెయ్యమని డాక్టరు రాసిండు. కుదరని కాలుతో మళ్ల బాయి దిగితే రెండోది గూడ పోతదని ఎల్లేశానికి ఎరుకే. అందుకే ఆ జెండాకట్టెను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నడు.

షెడ్డు నుంచి బంగ్లాకు దారి కార్మికుల క్వార్టర్ల ముందు నుంచే. ముందు ఎల్లేశం కుంటుకుంట, వెనుక మిషను బుసకొట్టుకుంట, దాని వెనుక పిడులు పట్టుకొని నడుచుకుంట డ్రైవరు తీతు. తాబేలు మీద గూడ మిషను ఎల్లేశాన్ని దాటిపోతాంది. అడుగడుక్కు తీతు క్లచ్చు పట్టి ఆపాలె, మళ్ల వదలాలె.

"ఎల్లేశమన్నా, జర అడుగు పెద్దగెయ్యే. క్లచ్చు వట్టి వట్టి చెయ్యి తిమ్మిరెక్కింది."

"నా కాలుకు కడ్డీ లేదు తమ్మీ. నీ దానికున్నది, నువ్వే జరుపుకో."

"దానికి ముద్రేసిన్రు గదనే!"

"మరి నాకు టబ్బేసింది."

అంతల ఎల్లేశం భార్య సారవ్వ సద్దిగిన్నెతో కాలువ మోరీ కాడికి వచ్చింది. "పొద్దుగాల జూస్తే మోరీ కాడ ఉన్నరు. బియ్యం కడిగి, వండి, పట్టుకొస్తే ఇంకా మోరీ కాడనే ఉన్నరు. గీ మిషన్‌ను దున్నేటానికి తెచ్చిన్రా, ఊరేగించేటానికి తెచ్చిన్రా?"

అక్కడ బంగ్లాలో దొరసాని చామంతి నారు వాడిపోతాంది. కబురందుకొని భద్రతాధికారి జీపులో ఉరికొచ్చిండు.

"సార్, అన్నను జెండతోని గీ మోరీ మీద కూసోబెట్టుర్రి. నేను జల్ది పోత," అన్నడు తీతు.

"కూర్చున్న మనిషి వేగం ఎంత?"

"కూసుంటే ఏం వేగముంటది సార్?"

"అయితే మిషను కూడా కదలరాదు."

నిబంధన మార్చుదామంటే ముగ్గురిలో ఒకాయన సెలవులో ఉన్నడు, ఒకాయన మంచిర్యాలకు బదిలీ అయ్యిండు. మూడో ఆయన తనే. ముందున్నోళ్లు చెయ్యని దస్కతు తనెట్ల చేస్తడు? అధికారి కాగితం మళ్ల చదివిండు. మిషను వేగం మనిషి నడకను మించరాదని ఉన్నది. మనిషి వేగం మార్చరాదని ఎక్కడా లేదు.

ఎల్లేశాన్ని దవాఖానకు పంపిన్రు. డాక్టరు తలెత్తలేదు.

"ఎట్లొచ్చినవ్?"

"నడిచే వచ్చిన సార్."

"అయితే ఫిట్."

"సార్, జర కాలు జూడుర్రి..."

"కాలు లేకుండనే నడిచినవా?"

దస్కతు పడ్డది. ఒక్కటే. ఫిట్ అయినోనికి లైట్ డ్యూటీ ఉండదు. జెండా స్టోరు గుమస్తా బామ్మర్ది చేతికి పోయింది, మిషను బంగ్లాకు పోయింది, చామంతులు నాటుకున్నయి.

తెల్లారి మొదటి షిఫ్టుకు ఎల్లేశం తలకు దీపం కట్టుకొని బాయి ముందు నిలబడ్డడు. లోపల గంట తీగ తెగింది తెగినట్టే ఉన్నది. సారవ్వ ఊకోలేదు. అటు దిక్కు వచ్చిన భద్రతాధికారి జీపుకు అడ్డం పోయి నిలబడ్డది.

"సార్, తోట మిషను ముందట జెండ పెట్టిన్రు. లోపట టబ్బు ముందట పెట్టరా? గా గంట తీగన్న కట్టియ్యరా?"

అధికారి ఆమె దిక్కు జాలిగ చూసిండు.

"లోపల పూలమొక్కలు లేవు కదమ్మా."