మూతపడని బడి మూసివేత

ఆ మంగళవారం వెర్నా టిల్‌మన్‌కి ఉన్న పని ఒక్కటే: మధ్యాహ్నం పన్నెండులోగా గ్రాంటు దరఖాస్తు పంపించాలి. బెల్‌ఫోర్డ్‌లో పాత చెప్పుల దుకాణాన్ని బడిగా మార్చి, ఆరేళ్లుగా నడుపుతున్న ప్రిన్సిపాల్ ఆవిడ. ప్రభుత్వ డబ్బుతో సొంత బోర్డు నడిపే చార్టర్ స్కూలు, ఫీజు లేదు. ఐదో తరగతి దాకే ఉంది. ఆ పైన చదవాలంటే పిల్లలు గంటన్నర బస్సులో పోవాలి. పక్కన ఖాళీగా పడున్న మంగలి షాపు తీసుకుని ఆరో తరగతి పెట్టాలని ఆవిడ పట్టుదల. విస్తరణ గ్రాంటు రెండుసార్లు అడిగింది. కాగితం అంచుల్లో ఖాళీ తక్కువైందని రెండుసార్లూ తిప్పికొట్టారు.

క్లర్కు డెల్‌రాయ్ అరవై మూడు పేజీలు కంప్యూటర్లో నింపాడు. చివర్లో "ముగింపు తేదీ" అని ఒక గడి ఉంది. దరఖాస్తుల గడువు అడుగుతున్నారనుకుని, ఆ రోజు తేదీ వేసి పంపించేశాడు.

పన్నెండుంబావుకి గ్రాంట్ల ఆఫీసు నుంచి తల్లిదండ్రులందరి ఫోన్లకీ సందేశం వచ్చింది: "మీ పిల్లల బడి నేటితో మూతపడుతోంది. మీ సహకారానికి ధన్యవాదాలు."

అందరికంటే ముందు ఒలీటా గ్రియర్ వచ్చింది. ముగ్గురు మనవళ్లను ఒంటిచేత్తో పెంచుతున్న మనిషి. కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పలేదు.

"ఏం ప్రిన్సిపాలమ్మా, మూసేసి పోతున్నావా? మాకో మాటైనా చెప్పాలనిపించలేదా?"

"ఎవరు చెప్పారు నీకు? లోపల లెక్కల క్లాసు నడుస్తోంది, వినబడట్లా?"

వెర్నా గ్రాంట్ల ఆఫీసుకి ఫోన్ చేసింది. ప్రూయిట్ అనే అధికారి ఎత్తాడు.

"మీరే రాశారు కదా మేడమ్, బడి ముగింపు తేదీ ఇవాళేనని."

పక్కనే వింటున్న డెల్‌రాయ్, తను తేదీ వేసిన గడిని తెరమీద చూపించాడు.

"అది పొరపాటండీ. దిద్దండి."

"దిద్దమని బడి అడగాలి. మా రికార్డులో ఇప్పుడు బడి లేదు."

"నేను బడిలోంచే మాట్లాడుతున్నాను!"

"మూతపడిన భవనంలో ఉండటం నిబంధనలకు విరుద్ధం మేడమ్" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

గురువారం లారీ వచ్చింది. మూతపడిన బడి, మొదట్లో ఇచ్చిన గ్రాంటుతో కొన్న సామాను తిరిగిచ్చెయ్యాలట. ఇద్దరు మనుషులు బల్లలు మోసుకుపోతుంటే నాలుగో తరగతి పిల్లలు నేలమీద బోర్లా పడుకుని పరీక్ష రాశారు. ఒక పిల్ల తన బల్ల కాలు పట్టుకుని వదల్లేదు. అది చూసేసరికి వెర్నాకు ఒళ్లు మండిపోయింది. పోయి ఆ బల్లమీదే కూర్చుంది.

"దీంతో పాటు నన్నూ ఎక్కించండి. చూస్తాను!"

లారీవాడు జాబితా తిరగేశాడు. "మనుషులు ఇందులో లేరు మేడమ్."

"పిల్లలు ఉన్నారా?"

"లేరండీ."

"అదే నేనూ అడుగుతున్నా! ఆ ఆఫీసులో ఏ కాగితంలోనైనా పిల్లలున్నారా అని!"

వాళ్లు ఆ ఒక్క బల్లా వదిలేసి వెళ్లారు. తరువాతి వారమంతా వెర్నా ఆ ఆఫీసుకి ఇరవై ఎనిమిది ఉత్తరాలు రాసింది. మూతపడిన బడి ఉత్తరాలు రాయకూడదని ఒక్కదానికే జవాబు వచ్చింది.

ఆ పై సోమవారం ఒలీటా, గ్రాంట్ల ఆఫీసు నుంచి తనకొచ్చిన ఒక కవరు తెచ్చింది. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా, చదివి పెట్టు. ఇంకేం పీక్కుంటారో."

బెల్‌ఫోర్డ్‌లో ఒక బడి హఠాత్తుగా మూతపడి నూట నలభై మంది పిల్లలు వీధిన పడ్డారని, వాళ్లకోసం ఎవరైనా కొత్త బడి తెరిస్తే అత్యవసర గ్రాంటు ఇస్తామని అందులో ఉంది. విస్తరణ గ్రాంటుకి అది మూడింతలు. వెర్నా రెండుసార్లు చదివింది.

"ఒలీటా, మనమే కొత్త బడి తెరుద్దాం, దాని బోర్డుకి అధ్యక్షురాలిగా ఉంటావా?"

"అదేం పని?"

"సంతకం పెట్టడం, కోప్పడటం."

"రెండోది ఇప్పుడే మొదలెట్టమన్నా మొదలెడతా."

"డెల్‌రాయ్! కూర్చో. ఈసారి ప్రతి గడీ పైకి చదివి, నేను చెప్పిందే రాయి."

కొత్త బడి చిరునామా: పాత చెప్పుల దుకాణం, పక్కన మంగలి షాపు. తరగతులు: ఆరు దాకా. ప్రిన్సిపాల్ అనుభవం: అదే చోట ఆరేళ్లు. తొమ్మిది రోజుల్లో మంజూరైంది. అదే లారీ, అదే బల్లలతో తిరిగొచ్చింది.

"ఎక్కడ దింపమంటారు మేడమ్?"

"ఎక్కడ ఎత్తారో అక్కడే!"

ప్రారంభోత్సవానికి ప్రూయిట్ స్వయంగా వచ్చాడు. రిబ్బను కత్తిరించి, వెర్నా చేయి పట్టుకుని ఊపేస్తూ, "పాతవాళ్లలా మధ్యలో వదిలేసి పోకండి మేడమ్" అన్నాడు. వెర్నా పళ్లు నూరుకుంటూ నవ్వింది.

పాత బడి ఎందుకు మూతపడిందో విచారించే కమిటీకి ఆవిణ్ణే అధ్యక్షురాలిగా వేశారు.