పైన ఉన్నదే పాతది

ఆ పళ్ళ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ప్రోగ్రామరు ఆ ఉదయం రెండు ముక్కలు రాసేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. రోగులకిచ్చే స్లిప్పులు ముద్రించడానికి ఆర్నెల్ల క్రితమే ఆమె కొత్త కమాండు తయారుచేసింది. దానికి నలభై పేజీల వివరణ కూడా రాసింది. అయినా రిసెప్షన్‌లో కూర్చునే అక్క పాత కమాండే కొడుతోంది. ఇక లాభం లేదని, పాతది వాడినప్పుడల్లా తెరమీద కనబడేలా ఒక హెచ్చరిక పెట్టింది: "ఇది పాతది. త్వరలో తొలగిస్తాం. దీని బదులు కొత్తది వాడండి."

పాత కమాండు తెరమీద ఏమీ చూపదు, అన్నీ ప్రింటరుకే పంపుతుంది. ఆ సంగతి వివరణలో పదకొండో పేజీలో ఉంది. రాసిన మనిషే మరిచిపోయింది.

ఆ హెచ్చరికతో పాటు అచ్చయిన మొదటి స్లిప్పు పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చిన ఒక టైలరు చేతికి వెళ్ళింది. రాయిలా ఉన్న పన్ను ఎందుకు తీస్తారని ఆయన అడిగాడు. పదిమంది వరసగా అదే మాట అడిగేసరికి రిసెప్షన్ అక్క ప్రోగ్రామరుకు ఫోన్ చేసింది.

"ఆ కొత్త మాట పెట్టింది మీరేనా? ఎవరికీ అర్థం కావట్లేదు మేడమ్. ఏది పాతదో, ఎప్పుడు తీసేస్తారో, ఎవర్ని అడగాలో అందులో లేదంటున్నారు."

అలా అంటున్నది సిబ్బందేననుకుంది ప్రోగ్రామరు. తను రాసింది ఒకరు చదివి సందేహం అడగడం ఆర్నెల్లలో ఇదే మొదలు. సంబరపడిపోయి, వెంటనే వివరంగా మార్చింది: "పైన ఉన్నదే పాతది. ముప్పయ్యో తేదీన తొలగిస్తాం. సందేహాలుంటే కంప్యూటర్ గదికి రండి."

స్లిప్పులో ఆ మాటలకు సరిగ్గా పైన ఉండేది పెద్ద డాక్టరు పేరు.

అరగంటలో కంప్యూటర్ గది ముందు వరస కట్టారు. కొత్త స్లిప్పు తీయించుకుని అందరికంటే ముందున్న టైలరు ఆమెను చూడగానే నోరు తెరిచి నిలబడ్డాడు. ఎందుకో తెలియకపోయినా ఆమె ఆ నోట్లోకి తొంగిచూసింది. వెనకున్నావిడ ముప్పయ్యో తేదీ తనకు కుదరదంది. ఇంకొకాయన పెద్ద డాక్టరుగారిని తీసేస్తే ఊరుకునేది లేదన్నాడు. అప్పుడు ఆమె స్లిప్పు అడిగి తీసుకుని చదివింది. వెంటనే పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది.

పెద్ద డాక్టరు అక్కడ ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఆమె వెళ్ళేసరికి ఆయన ముందు ఒక ముసలావిడ స్లిప్పు పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన బల్ల సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ముసలావిడను పంపేసి, ప్రోగ్రామరు ఒక్క గుక్కలో జరిగిందంతా చెప్పింది.

"అది మీ గురించి కాదు సార్. కమాండు గురించి. తప్పు నాది, ఇప్పుడే తీసేస్తాను."

ఆయన చేతిలోని కళ్ళజోడు పెట్టె బల్లమీద పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకమ్మా. ఇందాకే మా ఆవిడకి ఫోన్ చేసి, నన్ను తీసేస్తున్నారని చెప్పాను. పదేళ్ళుగా మానేయమని పోరుతోంది. వినగానే, పోనీలెండి ఇంటికొచ్చేయండి అని ఏడ్చేసింది. అంత ఆనందపడ్డ మనిషికి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

ఆయన తెల్లకాగితం తీసుకుని, ముప్పయ్యో తేదీతో ఉద్యోగ విరమణ ఇప్పించమని సొంత దస్తూరీతో రాసిచ్చాడు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. కారణం అన్నచోట ఏం రాయాలో ఆఫీసు గుమాస్తాకు తెలియలేదు. ఎందుకైనా మంచిదని "సాంకేతిక కారణాలు" అని రాశాడు.