తారాబాయి కడుపు మీద ఎర్ర స్టిక్కర్

గేటు దగ్గర మొదటి మనిషిని నిలబెట్టి తడిమి చూసిన రోజునే మానవ నాగరికత మొదలైంది. ఆ లెక్కన శంషాబాద్‌లో విమానాల సరుకు దాచే ఒక గోదాం మహా నాగరికం. లోపలికి పోయే ప్రతి కెమెరాకూ ఎర్ర స్టిక్కర్ అంటించాలన్నది అక్కడి పద్నాలుగో నిబంధన.

అక్కడ పెట్టెలు కట్టే తారాబాయికి ఆర్నెల్లుగా ఒంట్లో రక్తం నిలవడం లేదు. మూడు సీసాలెక్కిస్తే మూడూ పోయాయి. పైనుంచి గొట్టం వేశారు, కిందనుంచి వేశారు, ఏమీ కనపడలేదు. ఇక మిగిలింది గొట్టాలందని చిన్నపేగు. అందుకని దవాఖానలో పొద్దున్నే గోలీ అంత కెమెరా మింగించి, అది తీసే ఫొటోలు పట్టుకునే డబ్బాను నడుముకు కట్టి, సాయంత్రం ఐదింటికి తెచ్చివ్వమన్నారు. కారే చోటు తెలిస్తే ఆపుతారట. (సెలవు దొరకలేదు. నడిచొచ్చి సెలవడిగే మనిషికి జబ్బేమిటని సూపర్‌వైజర్ సందేహం.)

గేటు అధికారి హరిప్రసాద్ నిబంధనల పుస్తకం మొత్తం చదివిన ఏకైక మనిషి. (రాసినవాళ్ళు కూడా చదవలేదు.) నడుముకున్న డబ్బా ఏమిటని అడిగితే, కెమెరాదని తారాబాయి చెప్పింది.

"కెమెరా ఎక్కడుందమ్మా?"

"కడుపుల ఉంది సార్. పొద్దుగాల మింగిన."

"తీసి చూపించండి."

"రేపో ఎల్లుండో అదే వస్తది సార్. గప్పుడు తెచ్చి సూపియ్యాల్నా?"

హరిప్రసాద్ రిజిస్టరులో 'కెమెరా ఒకటి, ఉన్న చోటు కడుపు' అని రాసి, గార్డు రేఖ చేత తారాబాయి చీర మీద, బొడ్డుకు రెండంగుళాల పైన, స్టిక్కర్ అంటింపజేశాడు.

సాయంత్రం నాలుగున్నరకు ఆమె బయటికి వస్తుంటే డబ్బా విప్పించాడు.

"ఇందులో ఎన్ని ఫొటోలున్నాయి?"

"యాభై వేలుంటయన్నరు."

"అన్నీ మా ఆవరణలో తీసినవే కదా."

"నా పేగులయి సార్! జర ఇయ్యుండ్రి, ఐదింటికల్లా దవాఖానల ఉండాలె."

"పేగులు మీవే, కాదనను. ఫొటోలు తీసిన చోటు మాది."

అనుమతి లేని ఫొటోలు గేటు దాటేలోగా చెరిపెయ్యాలన్నది ఇరవైరెండో నిబంధన. కంప్యూటర్లు చూసే శ్రావణ్‌కుమార్ వచ్చి పదకొండు నిమిషాల్లో అన్నీ తుడిచేశాడు. ఒక్కటైనా మిగిలిందేమోనని రెండుసార్లు చూశాడు కూడా. అంత శ్రద్ధగా తారాబాయిని ఈ ఆర్నెల్లలో ఎవరూ చూడలేదు. ఆమె ఒంట్లో మిగిలిన కాస్త రక్తమూ మరిగింది.

ఖాళీ డబ్బా చేతికిస్తూ హరిప్రసాద్ ఆనవాయితీగా అడిగాడు.

"మీతో ఇంకేమైనా బయటికి పోతోందా?"

"రక్తం పోతున్నది సార్. గది ఆపుండ్రి."

హరిప్రసాద్ రిజిస్టరు మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు.

"అది గోదాం సరుకు కాదమ్మా," అన్నాడు గేటు తీస్తూ. "పోతే మాకు అభ్యంతరం లేదు."