నిన్నటి గాలం

పొద్దున్నే లేచి, రెండు గుటకలు మాతే టీ పీల్చి, పక్కింటి బెనిగ్నో ఏ గాలం కడుతున్నాడో కనిపెట్టి, తనూ అదే కట్టుకుని చిమెవీన్ ఏటికి పోవాలి. సైకిళ్ల షాపు ఫెర్మీన్ ఆ ఆదివారానికి వేసుకున్న పథకం అంతే. ఆ రోజు ఊళ్లో ట్రౌట్ చేపల పోటీ.

వాళ్ల ఏట్లో పట్టిన చేపని కొలిచి మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. కాబట్టి ఇంటికొచ్చేది చేప కాదు, పేరు. ఆ పేరు ఏళ్ల తరబడి బెనిగ్నో గుమ్మమే ఎక్కుతోంది. ఊరు పొగిడితే ఫెర్మీన్ ఓర్చుకునేవాడు. సొంత పెళ్లాం పొగడడమే పంటి కింద రాయిలా తగిలేది. "బెనిగ్నో అన్నయ్య ఏట్లో దిగితే చేపలు వరస కట్టి నిలబడతాయట" అనేది దెల్మీరా, మొగుడి కంచంలో మాంసం వడ్డిస్తూ. అలాంటి ముక్క ఒక్కటి తన గురించి ఆ నోట వినాలని ఫెర్మీన్ ఆశ. పోటీలో కప్పు గెలిస్తే ఆవిడ అనక తప్పదు కదా.

ఏడుపుగొట్టు మనిషికి చూపు ఎక్కువ, ఆలోచన తక్కువ. బెనిగ్నో సాయంత్రం ఏటి నుంచి వచ్చి తడి దారాలూ గాలాలూ బట్టల తీగ మీద ఆరేసేవాడు. ఫెర్మీన్ కంచె సందులోంచి చూసి మర్నాడు అచ్చంగా అవే కట్టేవాడు. అయితే కొండల మీద మంచు కరిగిన రోజున ఏరు బురద బురదగా వస్తుంది. ఆ నీళ్లలో చేపకి కనపడాలంటే నల్లటి పెద్ద ఈకల గాలం కావాలి, దాన్ని అడుక్కి దింపే బరువు దారం కావాలి. చలి బిగిసిన రోజున ఏరు అద్దంలా ఉంటుంది. అప్పుడు వెంట్రుకంత తంగూసు, దోమంత గాలం లేకపోతే చేప దూరం నుంచే పసిగట్టి పారిపోతుంది. ఆ వసంతంలో ఏరు పూటకో రంగు మార్చింది. ఫెర్మీన్ మాత్రం నిన్నటి గాలం పట్టుకుని నేటి నీళ్లలో నిలబడ్డాడు.

ఈసారి ఆ తప్పు జరగకూడదని పొద్దున్నే చూడదలిచాడు. బెనిగ్నో గాలాలు కట్టేది వంటింటి కిటికీ దగ్గర. అది కంచె సందుకి అందదు. అందుకని నిచ్చెన వేసి, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తన ఇంటి రేకుల మీదికి ఎక్కాడు. బెనిగ్నో చెల్లెలు తెల్మా ముందురోజే ఊళ్లోకి దిగిందని అతనికి తెలియదు. ఆవిడ ఆ కిటికీలోనే తల ఆరబెట్టుకుంటోంది. గాలికి రేకులు టపటపమన్నాయి. ఆవిడ తలెత్తింది. బైనాక్యులర్స్ నిండా ఆవిడ కళ్లే.

తెల్మా అరవలేదు. తీరిగ్గా కంచె దగ్గరికొచ్చింది.

"వదినా, మీ ఇంటి మీద ఎవరో మగాడున్నాడు. మీవాడే అయితే దింపుకో."

దెల్మీరా పిండి చేతులతో బయటికొచ్చింది. "ఏం చూస్తున్నావయ్యా అక్కడ?"

పొరుగువాడి గాలం దొంగచాటుగా చూస్తున్నానని చెప్పడం కన్నా పొరుగింటావిడని చూస్తున్నాననిపించుకోవడమే కాస్త పరువుగా తోచింది ఫెర్మీన్‌కి.

"వాన పడేట్టుందా అని..."

"వాన తల ఆరబెట్టుకుంటోందా ఇవాళ?" అంటూ ఆవిడ నిచ్చెన లాగేసింది. "ఉండు అక్కడే. కళ్లారా చూసుకో."

ఇంక అటు చూస్తే బతకనివ్వదు. ఫెర్మీన్ బెనిగ్నో ఇంటికి వీపు పెట్టి కూచున్నాడు. ఎదురుగా, చెట్ల వరస వెనకాల, ఏరు కనబడింది. మట్టిరంగులో పొంగి పోతోంది. అన్నాళ్లుగా చేపలు పట్టినవాడు గాలం కట్టకముందు ఏటి వంక చూడడం అదే మొదలు.

ఇంతలో రబ్బరు బూట్లు తొడుక్కుని బెనిగ్నో వచ్చాడు.

"అమ్మా దెల్మీరా, పోటీకి వేళయింది. ఫెర్మీన్ ఏడి?"

"పైనున్నాడు అన్నయ్యా. మీ చెల్లెల్ని చూస్తున్నాడు."

బెనిగ్నో తల పైకెత్తాడు. రాయి అందుకుంటాడేమోనని ఫెర్మీన్ పక్కకి జరిగాడు.

"ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం గాని," అన్నాడు బెనిగ్నో, "ఇవాళ ఏ గాలం కడుతున్నావు?"

"నీకెందుకు?"

బెనిగ్నో నేల చూపులు చూశాడు. "నాకు నీళ్లని చూసి పోల్చుకోవడం రాదయ్యా. రోజూ నువ్వు గేటు దాటేటప్పుడు నీ కర్ర కొసకేసి చూస్తా. నువ్వు కట్టినదానికి సరిగ్గా ఎదురుది కడతా. తప్పు కట్టడంలో నువ్వు ఒక్కనాడూ తప్పలేదు. నువ్వు పైన కూచుంటే నా గతేం కాను?"

ఫెర్మీన్‌కి ఒళ్లు మండింది. "నువ్వు నన్ను చూడ్డమేంటి? నేనిక్కడికి ఎక్కిందే నీ గాలం చూడ్డానికి."

"అయితే తెల్మాని కాదా?" అంది దెల్మీరా.

"తెల్మా ఎవరు?"

దెల్మీరా నవ్వు ఆపుకోలేక నిచ్చెన తెచ్చి ఆనించింది. "ఏం, నేను చూడదగ్గదాన్ని కానేంటి?" అని గొణుక్కుంటూ తెల్మా లోపలికి పోయింది.

ఫెర్మీన్ దిగి, అందరూ చూస్తుండగానే నల్లటి పెద్ద గాలం, బరువు దారం కట్టాడు. బెనిగ్నో అది చూసి, దోమంత గాలాన్ని సన్నటి తంగూసుకి తగిలించి, సిలువ గుర్తు వేసుకుని బయల్దేరాడు. సాయంత్రానికి ఫెర్మీన్ పట్టి వదిలిన చేపని ఆ పోటీలో ఎవరిదీ దాటలేదు. బెనిగ్నో గాలాన్ని బురదలో ఒక్క చేపా చూడలేదు.

కప్పు తెచ్చి ఫెర్మీన్ బల్ల మధ్యలో పెట్టాడు. కజ్జికాయల్లా మాంసం కూరి ఎంపనాదాలు చేస్తున్న దెల్మీరాకి అది అడ్డొచ్చింది. దాన్ని పక్కకి జరిపింది.

"బాగుంది," అంది. "పాపం బెనిగ్నో అన్నయ్య. రోజంతా ఒక్క చేపైనా గాలం ముట్టలేదట. అయినా విసుక్కోకుండా అంత చలి నీళ్లలో నిలబడ్డాడు చూడు. మగాడంటే అట్లా ఉండాలి."

వేడివేడి ఎంపనాదాలు పళ్లెం నిండా సర్ది, గుడ్డ కప్పి, ఆవిడ పక్కింటికి పట్టుకుపోయింది.

వచ్చే ఏడు ఓడిపోవాలంటే ఏ గాలం కట్టాలా అని ఫెర్మీన్ ఆలోచనలో పడ్డాడు.