పదకొండడుగుల వంటిల్లు

ఆ బుధవారం ఉదయం చారులత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తింటూ కొత్త ఇంటి లెక్క ముగించడం, పది గంటలకు ప్రింటు తీయడం, పదిన్నర ముహూర్తానికి పునాది గుర్తులు పెట్టించడం. కోయంబత్తూరులో ఇంజనీరింగ్ చదివి కారమడై వచ్చాక తన చేతిమీదుగా లేవబోయే మొదటి ఇల్లు అది. సొంత తాత పొన్నుసామి ఇల్లే అయినా, ఆయన ఒప్పుకున్నది సగం మనసుతోనే.

"పదిలోపల నీ కంప్యూటర్ సరి అనకపోతే మేస్త్రి రత్నసభాపతికే పని ఇచ్చేస్తా కన్నా. ఆయప్ప నలభై ఏండ్లుగా కంటికొలతతోనే కడతా ఉండాడు" అని ముందే తేల్చేశాడు.

ఇంటి చట్రమంతా తెరమీద నిలబడింది. ఏ బరువు ఎక్కడ పడుతుందో చెబితే, మోయగల పిల్లర్లను, బీములను పచ్చగా, మోయలేనివాటిని ఎర్రగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. వంటింటి మీద నీళ్ళ ట్యాంకు ఒక్కటే మిగిలింది.

"తాతా, ట్యాంకు ఎంత?"

"రెండు వేల లీటర్లు!" వాకిట్లోంచి కేక వచ్చింది.

చారులత ఎడమచేత్తో రెండువేలు కొట్టి, కుడిచేత్తో చట్నీ అందుకుంది. వంటింటి నాలుగు పిల్లర్లూ ఎర్రబడ్డాయి. ఇదేం పెద్ద పనా అనుకుని వాటిని మూడంగుళాలు లావు చేసింది. పచ్చబడ్డాయి.

కానీ వెనకాల అవ్వ రాజమ్మాళ్ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో మనైయడి శాస్త్రం పుస్తకం ఉంది. గది లోపల ఎన్ని అడుగులుంటే మంచిదో, ఎన్నుంటే కొంప మునుగుతుందో చెప్పే పుస్తకం అది.

"వంటిల్లు ఎంత వచ్చె?"

"పదిముక్కాలు అవ్వా. పిల్లర్ లావైంది కదా."

"అయ్యయ్యో! పది ఉండల్ల, లేదా పదకొండు ఉండల్ల. రెంటికీ నడాన నిలబడితే ఇంట్లో రూపాయి నిలవదంట. పదిలో నా గ్రైండర్ పట్టదు. పదకొండు చెయ్యి."

గోడను బయటికి జరిపితే పదకొండు వచ్చింది. గోడ జరిగితే బీము పొడుగై ఎర్రబడింది. బీమును లోతు చేస్తే దాని బరువుకు పిల్లర్లు మళ్ళీ ఎర్రబడ్డాయి. పిల్లర్లను లావు చేస్తే వంటిల్లు మళ్ళీ పదిముక్కాలయింది. అవ్వ మళ్ళీ పుస్తకం తెరిచింది. ఈ గానుగ ఇరవైసార్లు తిరిగేసరికి ఇల్లు పక్క సందును మింగి, కాంపౌండు గోడ దాటి, నల్లసామి కొబ్బరితోటలో అడుగున్నర మేర కూర్చుంది.

నల్లసామి రాజమ్మాళ్ తమ్ముడు. బావ పొన్నుసామి ఆ గోడను ఒక వరస పైకి లేపాడన్న కోపంతో ఆరేళ్ళుగా ఆయనతో మాటల్లేవు.

"అడుగున్నర అడిగి రాకూడదా?" అంది రాజమ్మాళ్ భర్తతో.

అప్పటికి తొమ్మిదీ నలభై. పొన్నుసామి పళ్ళు కొరుక్కుంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

అదే సమయానికి రత్నసభాపతి వచ్చి, తెరవైపు చూసి నోరు తెరిచాడు. "అమ్ముణీ, ఇంత లావు పిల్లర్లా? ఆ పైన ఏం పెట్టినావు?"

"ట్యాంకే. రెండువేలు" అంటూ చారులత ఆ అంకె పక్కనున్న చిన్న అక్షరాలు చదివింది. అక్కడ వేయాల్సింది లీటర్లు కాదు, బరువును కొలిచే కిలోన్యూటన్లు. రెండువేల లీటర్లంటే అక్కడ ఇరవై. "అయ్యో... రెండు లక్షల లీటర్లు పెట్టేశాను."

మేస్త్రి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఊరంతా మీ వంటింటి మీదికొచ్చి నీళ్ళు పోసుకోవచ్చు. పోనీలే, లావు ఎక్కువైతే ఇల్లు పడిపోదు. తాతతో నేను చెప్పనులే."

చారులతకు ఏడుపొచ్చినంత పనయింది. మొదట ఉన్న కొలతలన్నీ తిరిగి పెట్టి, ఇరవై కొట్టింది. అంతా పచ్చబడింది. వంటిల్లు సరిగ్గా పదకొండు.

ఇంతలో తాత వచ్చాడు. వెంట నల్లసామి, కళ్ళు తుడుచుకుంటూ.

"అక్కా! బావ ఆరేండ్లకి నా వాకిలి తొక్కినాడు. జాగా అనేది సుమ్మా ఒట్టి సాకని నాకు తెలీదా? అడుగున్నర కాదు, మూడు తీసుకోండి!"

రాజమ్మాళ్ కొంగుతో ముఖం కప్పుకుంది. చారులత లేచి నిలబడింది. "తాతా, జాగా వద్దు. తప్పు నాది. ట్యాంకు బరువు నూరింతలు వేశాను."

నల్లసామి ముఖం వాడిపోయింది. పొన్నుసామి మనవరాలిని పక్కకు లాగాడు. "ఆ రెండువేలు మళ్ళా వెయ్యి కన్నా. వాడి మనసు ఇరిగిపోతాది."

"వెయ్యను. లేని బరువు మోయించి ఇల్లు కట్టేది లేదు తాతా. కావాలంటే మేస్త్రికే ఇచ్చుకో."

పొన్నుసామి బావమరిది వైపు తిరిగి, "నల్లసామీ, మా ఇంజనీరమ్మ వద్దనేసింది. ఇంక నేనేం చేసేది?" అన్నాడు. తాత నోట ఇంజనీరమ్మ అన్న మాట రావడం అదే మొదలు. చారులతకు కళ్ళు నిండిపోయాయి.

"ఇచ్చింది ఇచ్చిందే బావా! తీసుకోవల్ల!" అన్నాడు నల్లసామి. వద్దని ఒకరు, తీసుకోమని ఒకరు, ఆరేళ్ళ బాకీ తీరేలా అరుచుకున్నారు. చివరికి చారులతే తీర్పు చెప్పింది. "అక్కడ కాంపౌండు గోడ కొట్టి దారి పెట్టుకోండి. దానికి లెక్క అక్కర్లేదు."

పదిన్నరకు పునాది గుర్తులు పడ్డాయి. సాయంత్రానికి కాంపౌండు గోడ కూలి దారి పడింది. వారం తిరగకముందే నల్లసామి కోళ్ళు ఆ దారిన వచ్చి రాజమ్మాళ్ కొత్తిమీర మళ్ళన్నీ కెలికి పారేశాయి. ఎంత గొడవైనా ఈసారి మాత్రం జన్మలో మాటలు మానేది లేదని బావా బావమరుదులు గొంతులు చించుకుని అరుచుకున్నారు.