టాంపినీస్ తెల్లచొక్కా సమరము

శ్రీమత్సింగపుర మహాద్వీపమున, ప్రాగ్దిశాలంకారమైన టాంపినీస్ పట్టణమున, పన్నెండవ అంతస్తు వంటింటి కిటికీ వెలుపల, గోడకు బిగించిన గొట్టమున దోపిన వెదురుగడపై, మేజోళ్ళ నడుమ, ఒక తెల్లచొక్కా జయపతాకవలె రెపరెపలాడుచుండెను. ఆనాటి సమరమునకు అదియే మూలము. ఏలయన, సాయంకాలము సేనాధికారుల యెదుట తన యంత్రమును ప్రదర్శింపవలసిన ఇంజనీరు సీతారామారావునకు మిగిలిన తెల్లచొక్కా అదొక్కటే. రెండవది నిన్నటి పులుసున అస్తమించెను.

ఆ మహాశయుడు నిర్మించినది సామాన్యయంత్రము కాదు. సైన్యము ఎచ్చట దిగిన అచ్చటనే, గుడారమునగాని లారీలోగాని క్షణములలో వెలసి, ఎవరేమి చేయవలెనో శాసించి, నాయకునితో సంబంధము తెగినచో రణరంగమునకు అతిసమీపమున నున్నవారికే అధికారము నప్పగించు ఆజ్ఞాయంత్రము. దానిని కడసారి పరీక్షింపగోరి, ఇంటిల్లిపాది ఫోన్లలో స్థాపించి, తాను టాబ్లెట్‌ధారియై హాలున ఆసీనుడయ్యెను.

వంటింట సొరకాయ తరుగుచున్న ధర్మపత్ని అరుంధతి కిటికీ వంక చూచెను. “ఏమండీ, వాన వచ్చేస్తోంది. గడ లోపలికి లాగుదాం రండి.”

“ఆగు అరుంధతీ, సిస్టమ్ ఇంకా కన్ఫర్మ్ చెయ్యలేదు.”

“వానలో పక్క బ్లాక్ కనిపించడం మానేసింది. ఇంకేం కన్ఫర్మ్ కావాలి మీకు?”

‘ఓరి దురహంకార జలధరమా, నా స్వహస్తముల గంజి పెట్టిన చొక్కాపై చినుకు రాల్చ సాహసింతువా, నిలు నిలు’ మని ఆమె మనసున గర్జించి, పైకి మాత్రము నిట్టూర్చెను.

అంతలో దిక్కులు పగులునట్లు పిడుగు పడెను. ఇంటి వైఫై నేలకొరిగెను, టాబ్లెట్ అంధకారబంధురమయ్యెను, కిటికీ చెంతనే సొరకాయ ముక్కల నడుమ అరుంధతి ఫోను దివ్యకాంతులతో వెలిగి ‘నాయకత్వం: అరుంధతి’ యని చాటెను.

సోఫాలో పడుకొనియున్న కూతురు నిఖిల తొంగిచూచి, “సేమ్ లా, డాడీ. ఎప్పుడూ అమ్మే కదా” అని సింగపుర యాసన పలికెను.

“ఆ టాబ్లెట్ కింద పెట్టి గడ కొస పట్టుకోండి. నిఖిలా, నువ్వు క్లిప్పులు చూడు,” అని అరుంధతి తన తొలి ఆజ్ఞ జారీచేసెను.

అంతట ఆ మువ్వురును, గడ కొసను పట్టి సీతారామారావు హాలు దాక వెనుకకు నడువగా, నడుమ నిఖిల క్లిప్పులను ఒడిసిపట్టగా, కిటికీకడ అరుంధతి బాహుబలమున లాగగా, ధారాపాతమగు వర్షమునకు వెంట్రుకవాసి ముందు ఆ మహాధ్వజమును లోనికి చేర్చిరి. ఒక మేజోడు మాత్రము జారి, క్రింది అంతస్తువారి గడపై వీరశయన మలంకరించెను.

“డెమోలో ఇదే చెప్తాను,” అనెను సీతారామారావు, రొప్పుచు. “అధికారం కరెక్ట్ మనిషికే వెళ్ళింది.”

“చెప్పుదురుగాని, ముందు మేజోడు అడిగి తెండి.”

ఇట్లు అరుంధతీదేవి, ఎడమ కఫ్‌పై ఏకైక బిందువు తప్ప సర్వాంగశుష్కమగు చొక్కాను సాధించి, మేఘమండలమును పరాభవించి, ఇస్త్రీపెట్టె స్విచ్ వేసెను. ఈ విజయము విన్నవారి గడలు ఎన్నడును తడవకుండుగాక.